ఏ గల్లీ మాట ఆ గల్లీల

"నిన్ననే సున్నమేసిన గోడ! ఆ కాయితం తీస్తవా, నీ బకీటు బజార్ల పారేయాల్నా?"

బాలమ్మ అరుపుకు అల్వాల్ గల్లీలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. జైతున్ బీ మాత్రం అప్పుడే అతికించిన ఎన్నికల కాయితాన్ని రెండు చేతులా అదిమి పట్టుకుంది.

"తియ్యకు తల్లీ, నీ కాళ్లు మొక్కుత. గీ ఫొటోల ఉన్నది నా కొడుకు హనీఫ్."

"నీ కొడుకు ఎలచ్చన్ల నిలవడ్డడా?"

"ఏడ నిలవడ్తడమ్మా, జైల్ల ఉన్నడు. మిలిటరీ వచ్చిన నాడు రొట్టెలు తేను పోతే రజాకారని పట్కపోయిండ్రు. మూడేండ్లు దాటె. నిలవడ్డది వకీల్ సాబ్. గెలిస్తే ఇడిపిస్తనన్నడు. ఫొటో సుత ఆయనే అడిగి తీస్కున్నడు."

"నిజంగ అన్నడా?"

"అనుడేంది, అచ్చేసిండు! మా సీతాఫల్‌మండిల ఉర్దూ కాయితాలు నేనే చదివిన. 'బేకసూర్ పిల్లలను ఇండ్లకు తోల్కొస్త' అని ఉన్నది, ఏ తప్పు చెయ్యనోళ్లను అని. మీ దిక్కు తెలుగుల ఏసిండ్రు. 'ఏ గల్లీ మాట ఆ గల్లీల చెప్పాలె, జైతున్ బీ' అన్నడు సాబ్."

ఆ మాటకే మురిసిపోయి, పిచ్చితల్లి తెలుగు కాయితాల కట్ట తానే అడిగి తెచ్చుకుంది. కూలి వద్దంది. రొట్టెలకని దాచుకున్న పిండినంతా బంకగా కాచింది. పొద్దుటినుంచి పస్తు.

బాలమ్మ కోపం చప్పున దిగిపోయింది. "అయ్యో, కడుపుకోత నాకెర్క లేదా? ఉండనీ తియ్యి" అంటూ లేచిన మూలను తానే అరచేత్తో ఒత్తింది. "కింద ఏం రాసిండ్రో?"

ఆమెకు ఏ అక్షరమూ రాదు. జైతున్ బీకి తెలుగు అక్షరం రాదు. అంతలో మిషనరీ బడి పంతులమ్మ సలోమి గొడుగు మూసుకుంటూ అటే వచ్చింది.

"పంతులమ్మా, జెర పెద్దగ చదువు! మా హనీఫ్ ముచ్చట గల్లీ అంత ఇనాలె."

సలోమి లోలోపల చదువుకుంది. ముఖం మాడిపోయింది.

"ఇప్పుడొద్దులెండి. ఎండగా ఉంది, ఇంటికెళ్ళండి."

"నా కొడుకు మాట నేనినొద్దా? చదువమ్మా, నీకు పుణ్యముంటది!"

సలోమి ఆమె ముఖం చూడలేక, గోడవైపు తిరిగి చదివింది.

"ఇలాంటి రజాకార్లను జైలు గడప దాటనివ్వను. మీ ఓటు నాకే."