బోడిగుండుకూ మోకాలికీ

మొగుడికి మాట పడిపోయిందని ఈదమ్మకు ఒక్క క్షణంలో అర్థమైపోయింది.

ఆరు గంటలకు చాయ్ తెచ్చి, "తాగు, చల్లారిపోతది" అంది. మంచం మీద లేచి కూర్చున్న కురుమూర్తి గ్లాసు అందుకుని ఏదో అన్నాడు. "కడిమె తొలుగు బాదిర..." అలాంటిదేదో. గొంతు ఆయనదే. మాటలు మాత్రం మనుషులవి కావు.

"ఏందయ్యా, పొద్దుపొద్దున్నే ఆటలా?"

కురుమూర్తి చేతిలోంచి గ్లాసు జారి పడింది. లేచి వచ్చి, ఆమె మొహంలోకి చూస్తూ ఇంకా గట్టిగా ఏదో అన్నాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

ఈదమ్మ ఆయన మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది.

ఈ రోగం ఎలా వస్తుందో ఆమెకు తెలుసు. రెండు నెలల కింద వనపర్తిలో చర్మం డాక్టరమ్మ చెప్పింది. కురుమూర్తి గురించి కాదు, ఈదమ్మ గురించి. పదకొండేళ్లుగా ఈదమ్మకు సోరియాసిస్. మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో ఎర్రటి మచ్చలు, తెల్లటి పొలుసులు.

"ఇది తోలుతో ఆగే జబ్బు కాదమ్మా. పైన కనిపించే వాపు లోపల రక్తనాళాల్లో కూడా ఉండొచ్చు. గుండెపోటు, పక్షవాతం ముప్పు మీలాంటి వాళ్లకు కొంచెం ఎక్కువ. మీకు బీపీ కూడా ఉంది, గోలీలు మానొద్దు. మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తేడా వచ్చినా ఒక్క నిమిషం ఆగకండి. నాలుగున్నర గంటల్లోపు మందు పడాలి."

గది దాటగానే ఈదమ్మ మూతి విరిచింది. "గోకుడుకు మలాం అడిగితే పక్షవాతం అంటదేంది? బోడిగుండుకు మోకాలికి ముడి!" ఆ బీపీ గోలీలు ఇప్పటికీ డబ్బాలోనే ఉన్నాయి.

కురుమూర్తి మాత్రం ఆ మాటల్ని గట్టిగా పట్టుకున్నాడు. రోజూ మగ్గంలో కూర్చునే ముందు ఆమెకు పరీక్ష పెట్టేవాడు. "నవ్వే. చేతులు లేపు. ఏదన్న మాట చెప్పు."

"ముసలోనికి సరసం ఎక్కువైంది" అని ఈదమ్మ నవ్వేది. ఆ నవ్వు తిన్నగా ఉందని చూసుకున్నాకే ఆయన పనిలో దిగేవాడు.

ఇప్పుడు చూడు, జబ్బు తనది, దెబ్బ ఆయనకు! జములమ్మ తల్లీ, ఇల్లు సరిగ్గనే గుర్తుపట్టినవు, మనిషిని చూసుకోని రావద్దా?

"నవ్వు!" అంది ఈదమ్మ.

కురుమూర్తి నవ్వలేదు. పళ్లు బయటపెట్టి వికారంగా ఇకిలించాడు. మూతి ఒక పక్కకు లాగినట్టే అనిపించింది.

"చేతులు లేపు!"

ఆయన తన చేతులు లేపలేదు. ఆమె మణికట్లు పట్టుకుని పైకెత్తాడు.

"నావి గావయ్యా, నీయి!" విదిలించుకుంది. ఆయన కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మనిషి ఏడవడం ఆమె ఎన్నడూ చూడలేదు. గుమ్మంలోకి ఉరికింది.

"షంషాద్! ఓ షంషాద్! మా ఆయనకు మాట పడిపోయింది, ఉరికి రా!"

పక్కింటి షంషాద్ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ఇద్దర్నీ మార్చిమార్చి చూసి గడగడా ఏదో అంది. గాబరా పడితే షంషాద్ నోట ఉర్దూ తప్ప రాదాయె. ఇరవై ఏళ్ల పొరుగు, ఈదమ్మకు నాలుగు ముక్కలు వచ్చు గానీ ఈ వేగానికి అవీ అందలేదు.

"ఉర్దూ తర్వాత మాట్లాడు తల్లీ! ముందు ఆటో పిలువు!"

షంషాద్ వీధిలోకి ఉరికి ఆటోను ఆపింది. నడిపేవాడు కొత్తమనిషి, రాయచూరు వైపు వాడేమో, కన్నడంలా ఏదో అడిగాడు. కురుమూర్తి, పాపం, తన గొణుగుడుతోనే ఏదో చెప్పాడు. ఎట్లా గ్రహించాడో గానీ, అతను గద్వాల బజారు మీదుగా సరిగ్గా దవాఖానకే తోలాడు.

దారంతా ఈదమ్మ మొగుడి చెయ్యి వదల్లేదు. "భయపడకు. ఇంకా టైమున్నది. నేనున్న గద." ఆయన మెల్లగా ఆమె పెదాల మీద వేలు పెట్టాడు, మాట్లాడొద్దన్నట్టు. మాట పోయినా మొండితనం పోలేదు మహానుభావుడికి!

దవాఖాన బోర్డుల మీద అక్షరాలన్నీ అలుక్కుపోయినట్టున్నాయి. కళ్లద్దాలు ఇంట్లోనే మర్చిపోయింది. కుర్ర డాక్టరు నర్సుతో ఏదో మాట్లాడుతూ వచ్చాడు, ఇంగ్లీషే అయి ఉంటుంది. ఈదమ్మ కురుమూర్తిని ముందుకు తోసింది.

"ఆరింటికి మాట పడిపోయింది సారు. జర జల్ది సూది ఇయ్యి, నీ కాళ్లు మొక్కుత!"

డాక్టరు ఆమె రవిక చెయ్యి పైకి జరిపి, మోచేతి మీది పొలుసుల్ని చూశాడు. ఈదమ్మకు ఒళ్లు మండిపోయింది.

"నా తోలు యాడికి పోతది సారు? పదకొండేండ్ల సంది ఉన్నది, ఇంకో గంట ఉంటది. ఆయన పాణం పోతుంటే నా మచ్చలు చూస్తవేంది?"

డాక్టరు గడియారం చూసుకుని, కురుమూర్తి వైపు తిరిగి ఏదో అడిగాడు. మాట పడిపోయిన మనిషిని, అదీ ఇంగ్లీషులో! ఈదమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది.

కురుమూర్తి రెండు చేతులూ జోడించాడు: "ఆరింటికి చాయ్ ఇచ్చినప్పటి సంది మా ఆమె ఏం మాట్లాడుతుందో ఎవ్వరికి సమజైతలేదు సార్, నేను, షంషాద్, ఆటో ఆయన, ఇప్పుడు మీరు, అందరం తెలుగులనే అడుగుతున్నం గని, ఒక్క ముక్క గూడ ఆమెకు తెలుస్తలేదు."