ఖాళీ వరుస

సైకిలు దిగిన స్త్రీ మొదట వెనక సీటుకు కట్టిన మూటను సర్దుకున్నది, ఆ తర్వాతే బడివైపు చూసింది.

మూటలో చాప, దుప్పటి, మసిబారిన గిన్నె.

"వచ్చేసింది!" కిటికీలోంచి తొంగిచూసి గుసగుసలాడాడు హెడ్మాస్టరు న్యాంగులు. "పిల్లల చేత చదివించి వినడానికి మనిషిని పంపుతున్నామని పై ఆఫీసువాళ్లు అన్నారే, ఈవిడే. ఫైనెస్, నీ క్లాసులో మొద్దులందర్నీ సరస్సు దగ్గరకు తోలెయ్!"

"మొద్దులనకండి సార్. వందమందిలో నా గొంతు వాళ్ల దాకా అందడం లేదు, అంతే."

"ఆ ముక్క కొండమీది బడికెళ్లి చెప్పుకో. నిరుడు ఇలా విని పోయాకే కదా పక్కూరి టీచర్ని అక్కడికి విసిరేశారు! నీ చంటిదాన్ని అక్కడెవరికిచ్చి పాఠం చెప్తావ్?"

ఫైనెస్ తన క్లాసుకు నడిచింది.

నాలుగో తరగతిలో గోడవారన కూర్చునే, చదవడం రాని పిల్లలను లేపింది.

వారిలో తియమికే ఉంది. ఈ ఏడూ చదవడం రాకపోతే చేపలు ఎండబెట్టుకుంటుంది లెమ్మని ఆ పిల్ల తల్లి మొన్ననే చెప్పి వెళ్లింది.

"మేమేం తప్పు చేశాం టీచర్?"

"ఏం లేదమ్మా. సాయంత్రం దాకా ఇటు రావద్దు. ఎవరైనా అడిగితే, మా బడిలో అందరికీ చదవడం వచ్చని చెప్పు."

వచ్చినామె పేరు ఎలూబే. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ముందు పిల్లలు చదివేది నన్ను విననివ్వండి సార్. మాటలు తర్వాత" అని వరండాలో నేలమీదే చతికిలబడింది.

ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించింది. కథ చదివినవారిది ఒక వరుస. విడి మాటలు చదవగలిగినవారిది మరొకటి. అక్షరాల దగ్గరే ఆగిపోయేవారికి మూడోది.

ఎండ వరండా దాటిపోయింది.

మూడో వరుసలో ఎవరూ లేరు.

ఆమె ఆ ఖాళీ నేలను చాలాసేపు చూసింది.

"ఇంకెవరూ లేరా టీచర్?"

ఫైనెస్ తల అడ్డంగా ఊపింది. "లేరక్కా."

"ఒక్కరైనా?"

"మా ఫైనెస్ చెప్తే రాళ్లయినా చదువుతాయి మేడమ్!" అని పకపకా నవ్వాడు న్యాంగులు.

ఎలూబే నవ్వలేదు. లేచి, ఫైనెస్ చేతులు రెండూ పట్టుకుంది.

"ఎంత కష్టపడి ఉంటావో చెల్లీ. ఇక్కడ నాకింక పనిలేదు."

"మొక్కజొన్న పిండితో న్సీమా ఉడుకుతోంది, తిని వెళ్లండి మేడమ్."

"పొద్దు వాలకముందే ఇంకో బడికి చేరాలి సార్."

సైకిలు మట్టిదారిలో చిన్నదై, చుక్కై, మాయమైంది.

"గండం గడిచింది!" న్యాంగులు చేతులు దులుపుకున్నాడు. ఫైనెస్ ఊపిరి పీల్చుకుంది.

సాయంత్రం తియమికే పరుగున వచ్చింది. చేతులనిండా చేప పొలుసులు మెరుస్తున్నాయి.

"టీచర్, సైకిలు ఆంటీ దారిలో ఆగి నాతో మాట్లాడింది!"

"ఏమంది?"

"అక్షరాలు రాని పిల్లలెక్కడైనా ఉన్నారా అనడిగింది."

"నువ్వేమన్నావ్?"

"మీరు చెప్పమన్నట్టే చెప్పా. మా బడిలో అందరికీ వచ్చు, అవతలి ఊరు చూడండన్నా."

మెచ్చుకుంటుందేమోనని టీచర్ ముఖంలోకి చూస్తూ ఆ పిల్ల అంది:

"పాపం టీచర్, అలాంటి పిల్లల్ని విడిగా కూర్చోబెట్టుకుని, చదవడం వచ్చేదాకా వాళ్ల దగ్గరే ఉండిపోదామని చాప కూడా తెచ్చుకుందట."