పేపర్లో పడిన కెమెరా

1995 మే 8, సోమవారం సాయంత్రం ఆరు గంటలలోపు ఫొటోగ్రాఫర్ ఉదయ్‌కుమార్ కొత్త వీడియో కెమెరా పోయింది. అప్పుడతను, భార్య గౌతమి చోడవరంలోని ఇంటికి తాళం వేసి కె.కోటపాడు వెళ్లి ఉన్నారు.

నాలుగు రోజుల కిందటే, ఆ కెమెరాని భుజాన పెట్టుకున్న అతని ఫొటో పేపర్లో జిల్లా పేజీలో పడింది.

"నేను సెప్పలేదేటి? దొంగల్ని బొట్టెట్టి పిలిసినట్టు పేపర్లో ఏయించుకున్నారు!" అంది గౌతమి.

మంగళవారం ఉదయం హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. వీధి తలుపు గొళ్లెం విరిగి ఉంది. కెమెరా దాచిన బీరువా మీద మాత్రం గీత కూడా లేదు.

"దీన్ని తాళం చెవితోనే తీసేరు. చెవి ఎక్కడుంటాది?"

"బియ్యం డబ్బాలోనండి," అన్నాడు ఉదయ్‌కుమార్.

"ఆ సంగతి ఎవరెవరికి తెలుసు?"

పొద్దున్నించీ భర్తని తిడుతూనే ఉన్న గౌతమి ఆగిపోయింది. ఆదివారం ఆ డబ్బాలోంచి చెవి తీసి బీరువా తెరవమని ఆమె తన తమ్ముడికి చెప్పింది. ఉదయ్‌కుమార్ అప్పుడు పక్కనే ఉన్నాడు.

"మా ఇద్దరికేనండి," అన్నాడతను. "ఎవరో ఫొటో సూసే వచ్చుంటారు. అలాగే రాసుకోండి."

హెడ్ కానిస్టేబుల్ అలాగే రాసుకున్నాడు.

గౌతమి తమ్ముడి పెళ్లి శుక్రవారం ఉదయం తొమ్మిది గంటలకి, దేవరాపల్లిలో.