గడీకి దూరం, రైలుకు దగ్గర

"ఇల్లు ఇయ్య తమ్మీ. మనసు మార్చుకున్న," అంది జాహేదా, తలుపు సగం మూసి పట్టుకొని.

బయానా డబ్బులు ఇద్దామని వచ్చిన బాలస్వామి గడప దగ్గరే ఆగాడు. "మొన్నటిదాక ఇస్తనంటివి గదమ్మా. కిరాయి తక్కువైందా?"

"కిరాయి ముచ్చట గాదు. మీ ఊరి దొరకు వెట్టి ఎగ్గొట్టి వస్తున్నవట. రేపు ఆయన మనుషులు నా ఇంటి మీద పడితె మొగడు లేనిదాన్ని, నాకెవలు దిక్కు?"

"నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలైతేంది? చెప్పింది నిజమా, కాదా?"

నిజమే. బాలస్వామి వెనుదిరిగి బీబీనగర్ స్టేషన్ దాకా తల వంచుకొని నడిచాడు.

అతను పట్నంలో రైలు కార్ఖానాలో సమ్మెట కొడతాడు. భార్య మైసమ్మా, బిడ్డ బిక్షమ్మా తిరుమలగిరి పక్క పల్లెలో ఉన్నారు. కార్ఖానా చుట్టుపక్కల ఒక్క అర్ర తీసుకోవాలన్నా జీతంలో సగం ఇంటివాడి సంచిలోకే పోతుంది. రైలు పట్నానికి దూరం జరిగినకొద్దీ కిరాయి దిగుతుంది. మౌలాలిలో అతనికి అందలేదు. ఘట్‌కేసర్‌లో అందింది గానీ బావినీళ్లు నోట పెట్టలేనంత ఉప్పన. ఇంకా ముందుకు పోయి పగిడిపల్లిలో లింగస్వామి ఇల్లు కుదుర్చుకుంటే, వారం తిరగకముందే అతను కాదన్నాడు. ఇప్పుడు జాహేదా. ఇద్దరి నోటా ఒకటే మాట.

దసరా దగ్గరపడుతోంది. దొర గడీలో పనికి వాడ నుంచి ఏటా ఒక పిల్ల పోవాలి. ఈసారి వంతు వాళ్ల ఇంటిది, కబురు బిక్షమ్మకు వచ్చింది. గడీకి పోయిన పిల్లలు ఏ తీరున తిరిగొస్తారో వాడలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. దసరాలోగా ఎలాగైనా తల్లీబిడ్డలను ఊరు దాటించాలి. అందుకే ఈ సంగతి గుట్టుగా ఉంచాడు. పల్లెలో అన్న బక్కయ్యకు, కార్ఖానాలో తోటి పనివాడు చోటే మియాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అన్న సంగతి వేరు. నాయిన పోయాక తమ్ముణ్ణి భుజాలమీద మోసి పెంచినవాడు. అన్నదమ్ములవి పక్కపక్క గుడిసెలు. ఇద్దరి బిడ్డలు బిక్షి, సైదిలదీ ఒకే ఈడు, ఒకే గొంగడిలో నిద్ర. ఊరు విడుస్తానని చెప్పినప్పుడు బక్కయ్య తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. తర్వాత, "ఏ ఊర్లె? ఎవలింట్ల? బాయి దగ్గర్నేనా?" అని అన్నీ అడిగి తెలుసుకున్నాడు. ఆ ఆపేక్ష చూసి బాలస్వామి ప్రతి ఇంటి సంగతీ ముందుగా అన్నకే చెప్తూ వచ్చాడు.

ఇక మిగిలింది చోటే మియా. అతనిది భువనగిరి, ఇళ్లు చూపించిందీ అతనే. మర్నాడు కొలిమి దగ్గరే బాలస్వామి అతన్ని నిలేశాడు.

"దొర నీకేమిచ్చిండు?"

"గిదేం మాట బాలసామీ? నీ బిడ్డ నాకు బిడ్డ గాదా?"

"ఎవలిండ్లు అడిగిననో ఎరుక నీకే."

"ఇంకెవలికి చెప్పలేదా?"

"మా అన్నకు. ఆయన పేరెత్తితె మంచిగుండదు."

చోటే మియా సమ్మెట పక్కన పెట్టాడు. అతని ముఖం చిన్నబోయింది. "నేనెత్తలేదు, నువ్వే ఎత్తినవ్. భువనగిరిల ఇస్రాయేలు ఇల్లు ఖాళీగున్నది. దాంట్ల నేను నడుమ రాను. పోయి నువ్వే మాట్లాడుకో."

ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పన్నెండేళ్ల స్నేహం, ఒకే బీడీ చెరిసగం కాల్చిన స్నేహం, పాముకు పాలు పోసినట్టయిందని బాలస్వామి లోలోపల కుమిలిపోయాడు. అయినా అవసరం తనది కనుక భువనగిరి పోయాడు. ఖిల్లా గుట్ట కింద రెండర్రల ఇల్లు. ఇస్రాయేలు మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. బాలస్వామి పల్లెకు పోయి అన్నను కౌగిలించుకున్నాడు. "దొరికిందే అన్నా. రైలుకు దగ్గర, గడీకి దూరం."

తర్వాతి ఆదివారం, చుట్టాలింట్లో పెండ్లి ఉందని ఊళ్లో చెప్పి, భార్యనూ బిడ్డనూ బట్టల మూటతో వెంటబెట్టుకొని భువనగిరి వచ్చాడు. ఇస్రాయేలు గడపకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"లోపలికి రావొద్దయ్యా. పిల్లలు గలోణ్ణి, మీ దొరతోని పెట్టుకోలేను."

మైసమ్మ మూటమీద కూలబడింది. బిక్షమ్మ తల్లి కొంగు పట్టుకుంది. బాలస్వామికి ఒళ్లు మండిపోయింది. "చోటే మియా వచ్చిండా?"

"మియా ఎవలు? గిప్పుడే వచ్చి చెప్పిపోయిండు ఒకాయన. నెత్తిమీద దొర నెయ్యికుండ. అంగడి దిక్కు పోయిండు." ఇస్రాయేలు బాలస్వామి మొహంలోకి పరికించి చూశాడు. "అచ్చం నీ పోలికనే."

బాలస్వామి పరుగెత్తాడు. వద్దు దేవుడా, ఇంకెవడైనా కానీ అని మొక్కుతూ పరుగెత్తాడు. సావుకారి అరుగు దగ్గర, వెట్టి మోత దించుకొని, తలగుడ్డతో మొహం తుడుచుకుంటున్నాడు బక్కయ్య. తమ్ముణ్ణి చూసి అతని చెయ్యి ఆగిపోయింది.

"నువ్వేనా అన్నా?"

బక్కయ్య అవునన్నట్టు తలూపాడు.

"పగోడు చేసిండంటె ఒక అర్థముంది. నీ మీద నమ్మకంతోని మియాను దొంగను చేసిన. నా బిడ్డ గొంతు గోయనీకి నీకు చేతులెట్ల వచ్చినయ్?"

చుట్టూ జనం చూస్తున్నారు. బక్కయ్య కళ్లనిండా నీళ్లు. అయినా చూపు తిప్పుకోలేదు.

"ఇల్లు దొరికిందని నన్ను అలుముకుంటివి. మీరు పోయినంక నా గతేందని ఒక్కసారన్న అడిగినవా?"

"నీకేమైతది?"

"నీ బిక్షి లేకుంటె మనింటి వంతుకు గడీకి నా సైది పోవాలె."