ఏడో టిక్కు

"బెంచీకి పచ్చరంగు పూస్తే బజారు బాగుపడుతుందని ఏ కాలేజీలో చెప్పారు డాక్టరమ్మా?" అన్నాడు మిషన్ బాబాయ్, స్టూలు మీంచి అంగుళం కూడా కదలకుండా.

డాక్టరమ్మ పళ్ళ డాక్టరు. వారమంతా జనం చేత నోళ్ళు తెరిపిస్తుంది. ఆదివారం మాత్రం ఈ ఒక్క నోరు మూయించలేక అవస్థ పడుతుంది.

"బజారు సంగతేమో గానీ, కూర్చోడానికి బాగుంటుంది బాబాయ్."

"ఎవరు కూర్చుంటారు? పావురాలా?"

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఒకప్పుడు కాలు పెట్టడానికి చోటుండని బజారది. బస్టాండును ఊరి చివరకి మార్చాక బేరాలు పోయాయి, బేరాల వెనకే దుకాణాలూ పోయాయి. ఇప్పుడు వరసగా పద్నాలుగు షట్టర్లు దించి ఉంటాయి, ఒక్కటి ఎత్తి ఉంటుంది. ఆ ఒక్కటీ కుట్టుమిషన్లు బాగుచేసే బాబాయిది. ఆయన గుమ్మంలోకి మిషన్ వచ్చి మూడు నెలలైంది. ఈ మధ్య ఎవరైనా లోపలికి తొంగిచూశారంటే అది దారి అడగడానికే.

"అక్కడ పలకరించే దిక్కు కూడా లేదు, దుకాణం ఎత్తేసి ఇంట్లో కూర్చో నాన్నా," అని కూతురు రోజూ పోరుతోంది.

"ఎందుకు లేదు? ఆదివారం ఆదివారం ఐదుగురొచ్చి నా బుర్ర తింటున్నారుగా," అంటాడు బాబాయ్.

డాక్టరమ్మతో కలిపి ఆ ఐదుగురికీ ఒకే రంగు టీషర్టులు, ఒక బ్యానరు, పని మొదలెట్టకముందే ఒక గ్రూప్ ఫోటో. ఊళ్ళో పాడుబడ్డ వీధుల్ని ఒక్కొక్కటిగా బాగుచేస్తామని బయల్దేరిన ఉద్ధారకులు. వాళ్ళకో పద్ధతి ఉంది. వీధికి ఏడు పనులు. ఏ ఆదివారమైనా ఏడూ చెక్కుచెదరకుండా ఉంటే జాబితాలో ఏడు టిక్కులు పెట్టి, బ్యానరు చుట్టుకుని తరవాతి వీధికి పోతారు. ఒక్కటి తేడాగా ఉన్నా మళ్ళీ రావాల్సిందే.

ఇక్కడ ఏడు పనులూ ఎప్పుడో అయ్యాయి. ఏడు టిక్కులే పడటం లేదు. ఒక వారం చెత్తడబ్బా మూత ఊడుతుంది. ఇంకో వారం దీపం వెలగదు. ఆ పై వారం పూలకుండీ పక్కకి ఒరుగుతుంది. ఇక బెంచీ సంగతి చెప్పనక్కర్లేదు, మూడుసార్లు బోల్టు వదులైంది. అయినప్పుడల్లా డాక్టరమ్మ నేల మీద గొంతుక్కూర్చోవడం, బాబాయ్ స్టూలు మీంచి పాఠం చెప్పడం.

"వాషరు వెయ్యకుండా బోల్టు బిగించేవాళ్ళు, పళ్ళకి సిమెంటెలా పెడతారమ్మా?"

"మీరొచ్చి చూపించొచ్చుగా."

"జీతమెంతిస్తారు?" అంటూనే వచ్చి చూపించేవాడు. చూపిస్తూ ఆ బజారు పాత కథలు ఎత్తుకునేవాడు. పది నిమిషాల పని మధ్యాహ్నం దాకా సాగేది.

"ఇదెవరో తుంటరివాళ్ళ పనండీ. ఓ కెమెరా పెడదాం," అన్నాడు పోయిన ఆదివారం డ్రాయింగ్ మాస్టారు. గోడల మీద బొమ్మలు ఆయన వంతు. ఆయన వేసిన నెమలిని చూసి కోడిపుంజు బాగుందని మెచ్చుకున్నవాడు బాబాయే.

"వద్దులెండి మాస్టారూ. అది కూడా పాడవుతుంది," అంది డాక్టరమ్మ.

"వెనక వీధివాళ్ళు రోజూ ఫోన్లు చేస్తున్నారండీ. మొన్న అక్కడి గుంటలో పడి ఓ పెద్దావిడ కాలు విరగ్గొట్టుకుందట. మనమేమో ఈ ఒక్క బెంచీ పట్టుకుని వేలాడుతున్నాం."

దీనికి బాబాయ్ ఏదో ఒకటి అంటాడని అందరూ ఎదురుచూశారు. ఆయన పానా తుడిచి డబ్బాలో పెట్టేసుకున్నాడు.

ఈ ఆదివారం బాబాయ్ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. చేతిలో టీ ఫ్లాస్కు, సంచిలో ఆరు గ్లాసులు.

"ఏంటి బాబాయ్, ఈ మర్యాద?"

"పీడ విరగడవుతోందిగా. ఆ మాత్రం ఖర్చు పెట్టొద్దూ?"

మాస్టారు జాబితా తీశాడు. చెత్తడబ్బా మూత గట్టిగా ఉంది. దీపం వెలిగింది. కుండీలు నిటారుగా ఉన్నాయి. ఒక్కో టిక్కు పడుతుంటే మాస్టారి మొహం విచ్చుకుంది. ఆరో టిక్కు పడేసరికి మిగతావాళ్ళు బ్యానరు విప్పి చుట్టడం మొదలెట్టారు.

బాబాయికి బాధేసింది. ఒప్పుకోవడం చేతకాక టీలో పంచదార తక్కువైందని తనని తానే తిట్టుకున్నాడు. రేపట్నుంచి ఈ పావురాలకి వాషర్ల గురించి చెప్పాలి కాబోలు. కూతురన్నట్టు ఈ నెలాఖరుకి షట్టరు దించేస్తే పోయె. అప్పుడు పదిహేనూ ఒకే వరసలో ముచ్చటగా ఉంటాయి.

"ఇక బెంచీ ఒక్కటే," అన్నాడు మాస్టారు.

"మీరు టీ తాగండి, నేను చూస్తాను. బాబాయ్, ఓసారి పానా ఇవ్వండి," అంది డాక్టరమ్మ.

పానా తీసుకెళ్ళి బెంచీ వెనక గొంతుక్కూర్చుంది. కాసేపటికి చేతులు దులుపుకుంటూ లేచింది.

"మాస్టారూ, టిక్కు పెట్టకండి. బోల్టు వదులైంది."

"మళ్ళీనా?" మాస్టారు నెత్తి పట్టుకున్నాడు. "మరి వెనక వీధో?"

"మీ నలుగురూ వచ్చే వారం అక్కడ మొదలెట్టండి. ఈ బెంచీ సంగతి నేను చూసుకుంటాను. ఒక్క ఆదివారంతో తేలే వ్యవహారంలా లేదు."

పానా తెచ్చి బాబాయ్ చేతిలో పెట్టింది. ఆయన మొహంలోకి చూడలేదు.

"వచ్చే వారం టీలో పంచదార సరిగ్గా వెయ్యండి బాబాయ్."

ఏదో ఒకటి దెప్పుదామని తెరిచిన నోరు మూసుకుని, బాబాయ్ వెళ్ళి బెంచీ బోల్టు తడిమి చూశాడు.

ఈ వారం ఆయన ఆ బోల్టు విప్పనేలేదు.