ఓరగా పెట్టిన తలుపు

నాకు అన్నిటికన్నా భయం, మా బుజ్జి నన్ను మళ్లీ "అమ్మా" అని పిలవదేమోనని. టాన్సిల్స్ వాచిన దగ్గర్నుంచి దానికి మాట పెగలడం లేదు. పుట్టినప్పటినుంచీ దానిది కాస్త బొంగురు గొంతు. ఇప్పుడు అదీ లేదు. మందులషాపు అన్నయ్య సీసా మూత మీద గీత గీసి, "ఇంతవరకే పొయ్యమ్మా, కంగారుపడకు" అన్నాడు.

చిన్నప్పుడు నాకూ ఇలాగే గొంతు పూడుకుపోయేది. మా అమ్మ ఉప్పునీళ్లు పుక్కిలింపించి, వీధి తలుపు ఓరగా తీసి పెట్టేది.

"నీ గొంతు షికారుకెళ్లిందే పిచ్చిమొద్దూ! తిరిగొచ్చేసరికి తలుపేసుంటే ఎలా?" అనేది.

నొప్పితోనే నవ్వేదాన్ని. తెల్లారేసరికి మాట వచ్చేది.

ఇప్పుడు అమ్మ లేదు. ఆ ముచ్చట గుర్తొచ్చి నిన్న రాత్రి నేనూ తలుపు ఓరగా పెట్టి, బుజ్జి గురక వింటూ కూర్చున్నాను. ఎక్కడా గాలి లేదు. తలుపు మెల్లగా తెరుచుకుని, మళ్లీ ఓరగా ఆగింది. గురక ఆగిపోయింది.

"అమ్మా," అంది బుజ్జి.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏం తల్లీ, నీళ్లు కావాలా?"

"తమ్ముడేడీ?"

బుజ్జికి తమ్ముడు లేడు. ఆ గొంతు సన్నగా, తియ్యగా ఉంది. నా బిడ్డది కాదు.

ఇవాళ కూడా తలుపు మూయలేదు. మీ ఇంట్లో తమ్ముడున్న ఆడపిల్ల నిద్రపోతుంటే, దయచేసి ఒకసారి లేపి పలకరించండి. బొంగురుగా పలికితే మాత్రం, మీ తలుపు కాస్త ఓరగా తీసి పెట్టండి.