నిద్రకు సాక్షి

"వీడియోలో ఉన్నది ముద్దాయే. ఎనభై శాతం ఖాయం" అన్నాడు నడకల నిపుణుడు.

బోనులో నిలబడ్డ ముద్దాయి ఒక గుమాస్తా. ఒక ఆదివారం మధ్యాహ్నం పక్కింటాయన కారు అద్దం ఎవరో ఇటుకతో బద్దలుకొట్టారు. కొట్టింది తను కాదు. నేరం రుజువైతే మాత్రం ఊడేది తన ఉద్యోగమే.

తెర మీద జోరువాన. నిలువెల్లా రెయిన్‌కోటు కప్పుకున్న ఆకారం ఒకటి కారు వైపు నడుస్తోంది. మొహం కనబడటం లేదు. నిపుణుడు సన్నటి కర్రతో చూపించాడు. "భుజాలు వంచి, నేల చూస్తూ, గబగబా నడక. ముద్దాయిదీ ఇదే తీరు."

వానలో ఎవరైనా అలాగే నడుస్తారు కదా అందామనుకున్నాడు గుమాస్తా. నోరు విప్పొద్దని లాయరు ముందే కట్టడి చేశాడు. నడక కూడా తనది కాకుండా పోయింది.

తర్వాత గుమాస్తా భార్య సాక్షి బోనెక్కింది.

"ఆ ఆదివారం మధ్యాహ్నం మీ ఆయన ఎక్కడున్నారమ్మా?" అడిగాడు గుమాస్తా లాయరు.

"మంచం మీదండీ. గుర్రుపెట్టి నిద్ర."

ప్రభుత్వ లాయరు నవ్వుతూ లేచాడు. "భార్య ఇంకేం చెబుతుంది లెండి! అవునమ్మా, ఆ కారు పొగ మీ వంటింట్లోకి కొడుతోందని, అద్దం పగలగొడతానని మీ ఆయన రోజూ వీధంతా వినేలా అరిచేవాడా, లేదా?"

"అరిచేవారండీ."

గుమాస్తా తన లాయరు వైపు చూశాడు.

"పగలగొడతానన్నారు కాబట్టే పగలగొట్టలేదంటున్నాను" అందావిడ.

"అదేం లెక్క?"

"కుళాయి బాగుచేస్తానన్నారు. ఇవాళ్టికీ కారుతూనే ఉంది. అటక సర్దుతానన్నారు. దాని మీద ఏముందో మాకే తెలీదు. పొద్దున్నే లేచి పరుగెడతానని బూట్లు కొన్నారు. ఆ బూట్లపెట్టెలో వెల్లుల్లిపాయలు పోసుకున్నాను. ఈయన చేస్తానని చేసిన పని ఒక్కటి చూపించండి, శిక్ష వేసెయ్యండి."

కోర్టంతా గొల్లుమంది. బంట్రోతు గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. ఆవిడ మాట కాదనడానికి గుమాస్తా ఎంత వెతికినా ఒక్క పనీ గుర్తు రాలేదు. ఒక్క క్షణం, పగలగొట్టింది నేనేనని ఒప్పేసుకుని పరువైనా దక్కించుకుందామా అనిపించింది.

జడ్జిగారు కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. "ఎన్నాళ్ల నుంచమ్మా ఇలా?"

"పెళ్లినాటి నుంచీ అంతేనమ్మా."

జడ్జిగారు నిట్టూర్చారు. ఆవిడకి ఎవరు గుర్తొచ్చారో మరి.

"నిపుణుడు చెప్పింది అభిప్రాయం. అదీ మొహం కనబడని మనిషి గురించి. ఈవిడ చెప్పింది కళ్లారా చూసిన సంగతి. మొగుణ్ణి పొగడటానికైతే అబద్ధమాడిందనుకోవచ్చు. నలుగురిలో ఇలా తీసిపారెయ్యడానికి ఏ భార్యా అబద్ధమాడదు. కేసు కొట్టేస్తున్నాను."

కోర్టు మెట్ల మీద గుమాస్తా ముఖం గంటు పెట్టుకుని నిలబడ్డాడు.

"గెలిపించావు, బాగానే ఉంది. రేపట్నుంచి ఆఫీసులో నా మొహం ఎక్కడ పెట్టుకోను? అంత పనికిమాలినవాణ్ణా నేను?"

"ప్రమాణం చేసి అబద్ధం చెప్పమంటారా?"

"చెప్పొద్దులే! ఆ పగలగొట్టినవాడెవడో గానీ మొనగాడే. నేను అన్నంత పనీ వాడు చేశాడు."

"ఏడాదంతా మీరే పగలగొడతారని చూశానండీ" అంది ఆవిడ, మెట్లు దిగుతూ. "చూసి చూసి విసుగొచ్చి, మీరు నిద్రపోయాక ఇక నేనే వెళ్లాను."